బస్సు మెట్టు

కామారెడ్డినుండి ఎల్లారెడ్డికి బోవు బస్సు మొదటి మెట్టు నేలనుండి ఇంచుమించు మోకాలెత్తున నుండును. 2022వ సంవత్సరము జూన్ నెలలో నొక సాయంకాలము మా యక్క యా మెట్టుపై కాలు మోపబోయి, మోపలేక, కమ్మిని రెండు చేతులతో పట్టుకొని నిలిచిపోయెను. వెనుకనున్న జనులు గొణుగజొచ్చిరి. కండక్టరు తొందరపెట్టెను. తోబుట్టినవాడనై యుండియు నేనును "నొప్పికి గింత ఓర్చుకోరాదా అక్కా" యని విసుగుకొంటిని. ఆమె నా మొగము చూచి, "నొప్పి కాదు తమ్మీ, కాలు లేస్తలేదు" అనెను. వైద్యుడు తరచి తరచి అడుగవలసిన లక్షణమును రోగియే యింత స్పష్టముగా చెప్పినను, ఆ మాట విలువ నాకు తెలియుటకు నెలలు పట్టెను. నేను ముప్పది యేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడను.

అక్క ఎల్లారెడ్డిలో బీడీలు చేయును. చాట ఒడిలో బెట్టుకొని, తునికాకును కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టుచు దినమంతయు నేలపై కూర్చుండు పని యది. ఆమె వ్రేళ్ళు మునుపటివలెనే చురుకుగా నాడుచుండెను. కాని కూర్చున్నచోటినుండి లేచుటకు మొదట గోడయు, పిమ్మట కూతురి భుజమును కావలసి వచ్చెను. తల దువ్వుకొనుటకు చేతు లెత్తిన నవి నిమిషములో వ్రాలిపోవుచుండెను. బిందె నడుము వఱకు వచ్చి ఆగిపోవుచుండెను. వ్రేళ్ళు బాగుగ నాడుచుండగా మనిషి లేవలేకపోవు టేమి, పని తప్పించుకొనుటకే యని యింటివారు తీర్మానించిరి. ఈ వ్యాధి తుంటి, తొడ, భుజములయొద్ద నుండు పెద్ద కండరములను ముందుగా బట్టి, వ్రేళ్ళను చాల కాలము విడిచిపెట్టునని వారి కెట్లు తెలియును? ఇంతలో కనుఱెప్పలపై ఊదారంగు కమ్మెను. వ్రేళ్ళ కణుపులపై ఎఱ్ఱని మచ్చలు లేచెను. తంబాకు దుమ్ము పడలేదని యొకరు, దిష్టి యని యొకరు ననిరి. ఒక ముసలమ్మ ఆ యీడు స్త్రీలకు ఇది సహజమే యనెను. మన యిండ్లలో పురుషుడు మంచమునుండి లేవకున్న రోగమనియు, స్త్రీ లేవకున్న బద్ధకమనియు పేరు పెట్టుదురు. ఈ యాచారమును నేను పరులయందు నిందించుచు నుండెడివాడను.

నొప్పులకు సూది వేయువా డొకడు దొరకెను. ఆ సూదిలో నేమున్నదో చీటీ లేదు. పది దినములు అక్క తేలికగా తిరిగెను. పిమ్మట మునుపటికంటె క్రుంగెను. అది స్టీరాయిడ్ అయియుండునని తరువాత వైద్యులు ఊహించిరి. లెక్కలేని మోతాదున నట్లు వేసిన మందు రోగమును మాన్పదు, దాని జాడను మాత్రము చెఱుపును. తరువాత రక్తపరీక్ష చేయించితిమి. కాలేయమునకు సంబంధించినవని చెప్పెడి ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అను రెండును మిక్కిలి హెచ్చుగా నుండెను. కామెర్లని నిశ్చయించి నెల దినములు ఆకుపసరును, ఉప్పులేని కూడును పెట్టితిమి. కన్నులు పచ్చబడలేదు గదా యని యెవరును అడుగలేదు. ఆ రెండు పదార్థములును కండరములలో గూడ నుండుననియు, కండరము చితికినప్పుడు రక్తములోనికి వచ్చుననియు ఆనాడు మాకు తెలియదు. సి.కె. అను మఱియొక పరీక్ష ఆనాడే చేయించియుండిన యెడల గుట్టు బయటపడియుండును.

ఆ యేడు అక్టోబరు నెలాఖరున సినిమా నటి సమంత తనకు మయోసైటిస్ కలిగినదని ప్రకటించెను. సినిమా వార్తలు చదువుట కాలహరణమని మా మేనకోడలిని నేనెన్ని మారులు మందలించితినో! ఆ బాలికయే పత్రికలో ఆ వ్యాధి లక్షణములు చదివి, రాత్రి తొమ్మిది గంటలకు ఫోను చేసి, "మామా, గివన్ని మా అమ్మకున్నయి" అని యేడ్చెను. మఱునాడే కామారెడ్డిలో రైలెక్కి హైదరాబాదునకు పోయి, పంజగుట్టలో నిమ్స్ అని జనులు పిలుచు వైద్యసంస్థలోని రుమటాలజీ శాఖకు అక్కను తీసికొనిపోతిని. వైద్యురాలు ఎక్కడ నొప్పి యని అడుగలేదు. చేతులు కట్టుకొని కుర్చీనుండి లేవుమనెను. అక్క మూడు మారులు ప్రయత్నించి, సిగ్గుతో నవ్వెను. సాధారణముగా రెండువందల లోపుండు సి.కె. ఆమెకు 6,400 ఉండెను. కండరపు ముక్క తీసి పరీక్షించిరి. మింగుట కష్టముగా నున్నదా, దగ్గున్నదా యని యడిగి ఊపిరితిత్తులను పరిశీలించిరి. పెద్దలకు ఈ వ్యాధి కలిగినప్పుడు లోపల కాన్సరు దాగియుండ వచ్చునని దానిని గూడ వెదకిరి, లేదు. దేహమును కాపాడవలసిన శక్తియే స్వకండరములను శత్రువులుగా నెంచి దహించు రోగమిది. చర్మమును గూడ పట్టినప్పుడు డెర్మటోమయోసైటిస్ అందురు. దంగల్ చిత్రమున నటించిన సుహానీ భట్నాగర్ ఈ వ్యాధితోనే 2024 ఫిబ్రవరిలో పందొమ్మిదవ యేట మరణించెను.

నొప్పులు గల వారందఱును ఈ రోగులే యని చదువరులు భయపడరాదు. ఏబదియేండ్లు దాటిన మా యత్తగారికి వేకువను భుజములును తుంటియు కొయ్యబారి గంటసేపు సడలకుండెను; ఆమెకు సి.కె. సరిగానే యుండి, ఇ.ఎస్.ఆర్. హెచ్చెను. అది పాలిమయాల్జియా రుమాటికా. కొద్దిపాటి ప్రెడ్నిసొలోన్‌తో కొలది దినములకే తగ్గెను. ఒళ్ళంతయు నొచ్చుచు, నిద్రపట్టక, పరీక్షలన్నియు సరిగా నుండు ఫైబ్రోమయాల్జియా వేఱు. అందు బలము నిజముగా పోదు. ఆ నొప్పి కల్పితమనుకొనుట మఱియొక క్రౌర్యము. విటమిన్ డి లోపమును, థైరాయిడ్ మాంద్యమును గూడ తొడలను క్రుంగదీయును. వానిని కనుగొనుటకు రక్తపరీక్ష చాలును.

అక్కకు ప్రెడ్నిసొలోన్ హెచ్చు మోతాదున నారంభించిరి. మొగము గుండ్రమాయెను, చక్కెర పెరిగెను. బావ మంచివాడే, భార్య మొగము ఉబ్బుచున్నదని బెంగపడి, ఎవరో చెప్పగా, సంక్రాంతినాడు బిళ్ళలు మాన్పించెను. నాలుగవనాడు ఆమె వాంతులై పెరటిలో పడిపోయెను. ఆ మందు నెలలకొలది వాడినపుడు మూత్రపిండములపై నుండు గ్రంథులు తమ పని మఱచి నిద్రించును. దానిని వైద్యుని యాజ్ఞతో మెల్లమెల్లగా తగ్గింపవలెనే గాని హఠాత్తుగా మాన్పిన ప్రాణాపాయము. ప్రెడ్నిసొలోన్‌ను తగ్గించుటకై తోడుగా మెథోట్రెక్సేట్ ఇచ్చిరి. అది వారమున కొక్కమారే మ్రింగవలసినది; దినదినము మ్రింగిన విషము. మేనకోడలు కాలెండరులో ఆదివారములకు ఎఱ్ఱ సున్నలు చుట్టి, సోమవారములకు ఫోలిక్ ఆమ్లమని వ్రాసిపెట్టెను. ఈ రెండు బిళ్ళల చరిత్రలోను మనవా డొకడున్నాడు. 1895లో భీమవరమున బుట్టి, అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలను నడిపి, 1948లో మరణించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందమే ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. దానికి విరోధియైన మెథోట్రెక్సేట్‌ను గూడ కాన్సరునకై సృజించెను. ఈ సంగతి నేను చెప్పినప్పుడు అక్క, "ఆయన మనోడేనా?" యని బిళ్ళను వెలుగునకు పెట్టి చూచెను.

ఒకప్పుడు ఇట్టి రోగులను కదలవద్దనెడివారు; ఇప్పుడు కొలతతో వ్యాయామము చేయింతురు. ఆమె నేల విడిచి ఎత్తుపీటపై కూర్చుండి బీడీలు చేయుచు, గంటకొకమారు చేతులు కట్టుకొని పది మారులు లేచి కూర్చుండును. తల మాత్ర మింకను కూతురే దువ్వును. నెలకొకమారు పరీక్షకై కామారెడ్డికి వచ్చును. తిరుగు ప్రయాణమున నేనామె వెనుక నిలుతును. 2023 డిసెంబరునుండి స్త్రీలకు బస్సు ఛార్జీ లేదు; మెట్టు మాత్రము వెనుకటి యెత్తుననే యున్నది. ఆమె కమ్మిని ఒక చేత బట్టుకొని, కుడికా లెత్తి, ఒక్క క్షణ మాగి, ఎక్కును.