తెరమీది శకుంతల

కాళిదాసు తన నాటకమున దానవయుద్ధమును రంగముమీద జూపలేదు. 2023వ సంవత్సరమున వచ్చిన ‘శాకుంతలం’ చలనచిత్రమున మాత్రము దానిని గన్నులపండువుగా జూపిరి. లేళ్లు, నెమళ్లు, పూవులు సరేసరి. రెండుగంటలకు మీద మఱియొక యిరువది నిమిషములు నడచిన యా చిత్రమున నేను వేచియున్నది యొక్క క్షణమునకే. నిండుకొలువులో భర్త తన్నెఱుగననగా, గర్భవతియైన శకుంతల వ్రేలు తడవికొని యుంగరము లేదని గ్రహించును గదా, ఆ క్షణమునకు.

అది వచ్చినది, పోయినది. ఆమె మోమున దుఃఖమును లేదు, రోషమును లేదు. దుష్యంతుడో, పాఠ మొప్పగించు బాలునివలె బలికెను. మన వంతు దుఃఖమును గూడ వాద్యములే యేడ్చినవి!

“అమ్మా, ఆమెకు గోపము రాదా?” అని ప్రక్కనున్న మా యమ్మాయి మెల్లగా నడిగినది.

భారతములోని శకుంతలకు వచ్చినది. అందు శాపమును లేదు, ఉంగరమును లేదు; రాజు తెలిసియే కాదనును. ఆమె తలవంపక, సత్యమన నేమో సభలోనే యతనికి జెప్పును. మఱునాడు నన్నయగారి యాదిపర్వము దీసి యా పద్యములు చదివితిని. అమ్మాయి రెండవమాఱు చదివించుకొన్నది.