ఉన్నదంతయు నొడ్డుట

పేకాటయను మాట వినఁగానే మన చదువరులలోఁ బలువురు మొగము చిట్లింతురని మే మెఱుఁగుదుము. చిట్లింపవలసినదే. ఐనను నొక వ్యసనమును నిందించుట వేఱు, దాని లోపలి లెక్కను దెలిసికొనుట వేఱు. రెండవది చేయక మొదటిది మాత్రమే చేయుటచేత మన హితోపదేశములు పిల్లల చెవి కెక్కకున్నవి.

మా తమ్ముని కుమారుఁ డమెరికాలో నుద్యోగి. అక్కడ పోకరు పోటీల కప్పుడప్పుడు పోవుచుండును. గడచిన వేసవిలో భార్యతోఁ గూడ మా యింటికి వచ్చి పదిదినము లుండెను. వానితో వాదింపఁబూనక, ముందుగా వానిచేతనే యా లెక్కను జెప్పించుకొంటిమి. అది మేము తలఁచినదానికంటె గట్టిది.

పోటీలో నాటగాఁడు ప్రవేశరుసుము చెల్లించి కొన్ని బిళ్ళలు పుచ్చుకొనును. ఆ బిళ్ళలు రూకలు గావు. నడుమ లేచి వానిని మార్చుకొన వీలులేదు. అన్నియుఁ బోఁగొట్టుకొన్నవాఁడు లేచిపోవలెను. చివరివఱకు నిలిచిన నూటికిఁ బదిమందికో పదునైదుమందికో మాత్రమే బహుమానము. కాఁబట్టి బహుమానపు గడప కొకటి రెండు స్థానముల యెడమున నున్న ఘడియ మిక్కిలి విచిత్రమైనది. దానిని వారు ‘బబుల్’ అందురు, నీటిబుడగ యన్నమాట. ఆ ఘడియలో నెదుటివాఁడు తన బిళ్ళలన్నియు ముందుకుఁ ద్రోసి ‘ఆలిన్’ అనును. మనచేతను మంచి ముక్కలే యున్నవి. సై యనవలెనా, ముక్కలు పారవేయవలెనా?

మావాఁడు కాగితముమీఁద వేసి చూపిన లెక్క యిది. నలుగు రాటగాండ్రు మిగిలినారు. అందఱి బిళ్ళలును సమానము. బహుమానములు మూఁడే: మొదటివానికి 50 రూపాయలు, రెండవవానికి 30, మూఁడవవానికి 20. నాలవవానికి సున్న. నలుగురును సమానులు గనుక నొక్కొక్కని స్థానపు వెల 25 రూపాయలు. ఇప్పు డొకఁడు సర్వము నొడ్డఁగా రెండవవాఁడు సై యని గెలిచె ననుకొందము. బిళ్ళలు రెట్టింపైనవి. మఱి వెలయు రెట్టించి 50 కావలదా? కాదు. మిగిలిన ముగ్గురిలో వానికి మొదటి స్థానము వచ్చుటకు రెంటికొక పాలు, రెండవదానికి మూఁటికొక పాలు, మూఁడవదానికి నాఱింటికొక పాలు నవకాశము. అన్నియుఁ గూడినచో 38 రూపాయల 33 పైసలు. ఓడినచో సున్న. అనఁగా చేతనున్న 25 రూపాయలను బణముగాఁ బెట్టి పదుమూఁడు రూపాయల చిల్లర లాభమును గోరుచున్నాఁడు. ఈ బేరము గిట్టవలెనన్న నూటికి 65 సారులు గెలువఁగల ముక్కలుండవలెను. బిళ్ళలు మాత్రమే యెంచువానికి 50 చాలును. ఆ నడిమి పదునైదే పెక్కండ్రను లేపివేయుచున్నది.

గుఱ్ఱపు పందెములలో నే గుఱ్ఱ మే స్థానమున వచ్చునో గణించుటకు 1973లో డేవిడ్ హార్విల్ ప్రకటించిన సూత్రమునకును, 1987లో మేసన్ మాల్మత్ పోకరు పోటీలకుఁ బ్రతిపాదించిన పద్ధతికిని మూల మొక్కటియే. ఈ సూత్ర మాటగాని నేర్పును గాని, కూర్చున్న చోటును గాని, మఱుసటి పంపకమునఁ దప్పక పెట్టవలసిన పందెమును గాని గణింపదు. దీనిని తక్కెడగాఁ గైకొనవచ్చును, తీర్పుగాఁ గైకొనరాదు.

మమ్ము మిగుల నాకర్షించిన భాగ మింకొకటి కలదు. పై కలహమునకు ముందు పోరాడిన యిద్దఱి స్థానముల వెల కలిసి 50 రూపాయలు. పోరు ముగియఁగా నొకనికి 38, ఒకనికి సున్న. తక్కిన పదునొకండు రూపాయల చిల్లర యేమైనది? ముక్క ముట్టక, నోరు మెదపక ప్రక్కను గూర్చున్న యిద్దఱికిఁ జేరినది. వారి స్థానములు 25 నుండి 30 రూపాయల 83 పైసల కెగఁబ్రాఁకినవి! పొలపు గట్టుకై కోర్టు కెక్కిన యన్నదమ్ములను జూచినవారి కీ లెక్కకుఁ గాగిత మక్కఱలేదు.

ఇఁక సర్వము నొడ్డువానికి గెలుపుదారులు రెండు. ఎదుటివాఁడు బెదరి ముక్కలు పారవేయుట యొకటి, విప్పినపుడు తన ముక్కలు పెద్దవగుట రెండవది. సై యనువానికి రెండవ దారియే కలదు. కాఁబట్టి యొడ్డుటకుఁ జాలిన ముక్కలు సై యనుటకుఁ జాలవు. బిళ్ళలు కుప్పగాఁ గలవాఁ డీ సంగతి నెఱిఁగి బబుల్ సమయమున నందఱిని నదలించుచునే యుండును. ఒక చేయి యోడినను వాఁడు లేచిపోఁడు. నడిమివాఁడే నలుగును. వేఱొకఁడు రెండు మూఁడు బిళ్ళలతో నూపిరి బిగఁబట్టి యున్నచో, వాఁడు లేచువఱకు నోర్చుటకు నడిమివానికి మఱింత కారణము.

బహుమానములన్నియు సమానమైన పోటీలును గలవు. పెద్దపోటీలో నొక్కొక్క స్థానమే వాని బహుమానము. 2003లో లాస్ వేగాసునందు 839 మందిలో మొదటివాఁడై 25 లక్షల డాలర్లు గెలిచిన క్రిస్ మనీమేకరను గణకుఁడు, 10,000 డాలర్ల ప్రవేశమును నట్టి చిన్నపోటీలోనే సంపాదించెను. అట్టిచోట బిళ్ళలు రెట్టించినను బహుమానము రెట్టింపదు. అందుచేత నొక్కొక్కప్పుడు రెండాసులు చేతఁబడినను బారవేయుటయే యుక్తమట! వినుటకు వింతగా నున్నను లెక్క సరియైనదే.

మావాఁడు తన కథయుఁ జెప్పెను. ఒక పోటీలో బబుల్‌కడ వానికి రాణుల జోడు వచ్చినది. ఎదుటివాఁడు సర్వము నొడ్డెను. ఆసు రాజులకు నెదురుగా రాణుల జోడు నూటికి సుమారు 55 సారులు గెలుచును. చిన్న జోడున కెదురైనచో నెనుబది. ఏది యున్నదో తెలియదు. వాఁడు చాలసేపు తలపోసి పారవేసెను. ఎదుటివాఁ డాసు రాజులను విప్పి చూపెను. మావాఁడు కడపటి బహుమానముతో నిల్లు చేరెను. “పెదనాన్నగారూ, ఆ చేయి పారవేయుట కెంత నిగ్రహము కావలెనో మీకుఁ దెలియదు” అని వాఁడు గర్వపడుచుండఁగా, అంతవఱకు నూరకున్న కోడలు కలుగఁజేసికొనెను.

“నిజమే, మామయ్యగారూ. ఆ సంవత్సరము ఈయన పోయిన తక్కిన పోటీల రుసుములకును ప్రయాణములకును నా లైసెన్సు పరీక్షకై దాఁచిన సొమ్ము పోయినది. పరీక్ష యేడాది వెనుకకుఁ బోయినది. బల్లకడ వేసిన లెక్కను గుమ్మము దాఁటునప్పుడు వేయలేదు.”

మావాఁడు బదులాడలేదు. మేమును వానిని మందలింపలేదు. కోడలు చెప్పినదానికిఁ జేర్పవలసిన దేమియుఁ గానరాలేదు. సొమ్ము చేరుటవలనఁ గలుగు మేలు, ఉన్న సొమ్ము పెరుఁగుకొలఁదిఁ దగ్గునని 1738లోనే డానియల్ బెర్నూలీ వ్రాసియుండెను. బబుల్ లెక్కకును బహుమానముల యెడ నిదే పోలిక. నెలజీతముపై బ్రదుకు సంసారికి బబుల్ ఒక ఘడియ గాదు, నిత్యస్థితి. వానికి వచ్చు నూఱు రూపాయలకంటెఁ బోవు నూఱు రూపాయలు బరువు. ఐనను రాణులను బారవేయు నిగ్రహము గలవాఁడు భార్య చదువు సొమ్మును నిలుపలేకపోయెను. నేర్పు లేక గాదు. ఏ బిళ్ళలు తనవో, ఏవి యింటివో విభజింపక.

మన చట్టములలో నీ నేర్పును గూర్చియే పెద్ద వివాదము నడిచినది. సికిందరాబాదు క్లబ్బొకదాని వ్యాజ్యములో రమ్మీ ప్రధానముగా నేర్పుతోఁ గూడిన యాటయని 1967లో సుప్రీముకోర్టు చెప్పెను. 2017లోఁ దెలంగాణమును, 2020లో నాంధ్రప్రదేశమును అంతర్జాలపు పందెములను నిషేధించినవి. 2025లోఁ బార్లమెంటు, నేర్పా యదృష్టమా యను ప్రశ్నను ప్రక్కకుఁ ద్రోసి, సొమ్మొడ్డు నంతర్జాలపు టాటలను నిషేధించుచు శాసనము చేసెను. నేర్పు లేదని మే మనము. 2023లో లాస్ వేగాసు ప్రపంచపోటీ ప్రధానాటకు 10,043 ప్రవేశము లమ్ముడైనవి, ఒక్కొక్కటి 10,000 డాలర్లు. 1,507 స్థానములకు బహుమానము, 8,536 ప్రవేశములకు సున్న. ఆ సున్న పొందినవారిలోను బబుల్ లెక్క నెఱిఁగినవారు పెక్కండ్రే యుందురు.

కోడలి పరీక్ష వచ్చు ఫిబ్రవరిలో నున్నది. రుసుము తానే చెల్లించితినని మొన్న వ్రాసినది.