మత్స్యపాత్రలోని అదృశ్య విషం

శ్రీమద్భాగవతం అష్టమస్కంధంలో సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం చేస్తుండగా దోసిలిలోకి ఒక చేపపిల్ల వస్తుంది. కమండలువులో ఉంచితే ఒక్క రాత్రిలో అది పట్టకపోయింది. ఆపైన కడవ, కొలను, సరోవరం, చివరకు సముద్రం. ఈ ఘట్టాన్ని అవతారలీలగా భావించడం సముచితమే. అయితే ఆ రాజు చేసిన పని కూడా గమనింపదగినది: ప్రాణి పెరిగిన ప్రతిసారీ ఆయన పాత్రను మార్చాడు.

నల్లగొండ, పాలమూరు పట్టణాలలో గాజుతొట్టిలో గుప్పీలను, మోలీలను పెంచే గృహస్థులు సాధారణంగా మరచేది ఇదే. తల్లిచేప ఒక్క కాన్పులో పదులకొద్దీ పిల్లలను ఈనుతుంది. వాటికి దినానికి మూడు నాలుగు పర్యాయాలు మేత వేయాలి. నీరు స్ఫటికంలా ఉంటుంది. కొన్ని దినాల తరువాత ఒక ఉదయం పిల్లలు ఉపరితలానికి చేరి నోళ్లు తెరచి రొప్పుతాయి, సాయంకాలానికి తేలుతాయి. ఇంటివారు దృష్టిదోషమంటారు. చేపలు మొప్పల ద్వారా విసర్జించినదీ, తినగా మిగిలిన మేత కుళ్లగా పుట్టినదీ అయిన అమ్మోనియా అక్కడ కారణం.

నిర్మలంగా కనిపించే జలంలో దోషం దాగి ఉంటుందని నల్లగొండ నేలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిన తరాలు అక్కడ ఉన్నాయి. ఆ నల్లరాతి నేలలోని బోరునీరు తరచుగా క్షారగుణం కలది. అమ్మోనియా తీవ్రతకు ఆ క్షారమే సహకారి. 25 డిగ్రీల ఉష్ణోగ్రతలో పి.హెచ్. 7 అయితే మొత్తం అమ్మోనియాలో నూటికి ఒక వంతైనా విషరూపంలో ఉండదు. 8 అయితే 5 వంతులు దాటుతుంది. 9 అయితే మూడవ వంతుకు మించుతుంది. వేసవి తాపం దానిని ఇంకా పెంచుతుంది. కనుక ప్రత్యక్షం ఇక్కడ ప్రమాణం కాదు. పరీక్షాద్రవం పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగితే కంటికంటె దానినే నమ్మాలి, దానితోపాటు పి.హెచ్. కూడా చూడాలి.

గీత పదునేడవ అధ్యాయం దేశకాలపాత్రలను చూచి చేసిన దానమే సాత్త్వికమంటుంది. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి వద్ద గుప్పెడు మరమరాలు వేస్తే ప్రవాహం మిగిలినదానిని కొనిపోతుంది. ఇరవై లీటర్ల తొట్టికి ప్రవాహం లేదు. అక్కడ వేసిన అదనపు చిటికెడు పుణ్యం కాదు, వేసినవాని తృప్తి మాత్రమే. పిల్లలు తిన్నది ఎంతో చూడక తన చేయి ఎంత వేసిందో చూచుకునే వాత్సల్యం వాటి ప్రాణం తీస్తుంది.

ఆ విషాన్ని హరించేవి కంటికి కనపడని సూక్ష్మజీవులు. 19వ శతాబ్దాంతంలో సెర్గీ వినోగ్రాడ్స్కీ వీటిని శోధించాడు. ఒక వర్గం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. మరొక వర్గం దానిని అల్పదోషమైన నైట్రేటుగా మారుస్తుంది. కొత్త తొట్టిలో ఇవి స్థిరపడడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ తపఃకాలాన్ని ఓర్వక, స్పాంజి నల్లబడిందని మిషన్ భగీరథ కుళాయి క్రింద తోమి కడిగే శుచిపరులు ఉన్నారు. ఆ నీటిలోని క్లోరిన్ వాటిని నశింపజేస్తుంది. తొట్టి నుంచి తీసిన నీటిలోనే స్పాంజిని మెల్లగా ఆడించాలి. విద్యుత్తు గంటల తరబడి పోయినా, గాలి అందక అవి క్షీణిస్తాయి.

విషం పెరిగిందని తెలిసినప్పుడు మొదట మేత ఆపాలి. ఒకటి రెండు దినాల ఉపవాసం పెద్దచేపలకు హాని చేయదు. పిల్లలకు మాత్రం అత్యల్పంగా వేసి, మిగులు తీసివేయాలి. పాతపడిన తొట్టినీరు క్రమంగా ఆమ్లత్వం వైపు జరుగుతుంది. దానిపై బోరునీటిని ఒక్కసారిగా కుమ్మరిస్తే అంతవరకు శాంతంగా ఉన్న అమ్మోనియా విషరూపం దాల్చుతుంది. అందుచేత ఒక దినం నిలువ ఉంచిన, అదే ఉష్ణోగ్రత గల నీటితో నాలుగవ వంతు చొప్పున మార్చడం క్షేమం. గాలి ధారాళంగా అందాలి. మరొక తొట్టిలో చాలాకాలంగా ఉన్న స్పాంజిని తెచ్చి పెడితే నిరీక్షణ చాలావరకు తగ్గుతుంది. పిల్లలు పెరిగేకొద్దీ సగం వాటిని పెద్ద పాత్రకు మార్చాలి. ఆ పాత్ర ముందుగా సిద్ధం కాకపోతే, ఈ పర్యాయం పిల్లలను పెంచే సంకల్పమే వాయిదా వేయడం మేలు.