సదరు బొమ్మ

వీడియోను కత్తిరించి కూర్చే పనికి పూనుకున్నవారికి మొదట వినబడే సలహా ఒకటే: ముందుగా దస్త్రాలను ఎడిటింగుకు అనువైన రూపంలోకి మార్చుకోవాలి. సలహా తప్పు కాదు. దానికయ్యే ఖర్చు చెప్పేవారే తక్కువ.

మా పెదనాన్నగారు హరికథకులు. 2010 శ్రీరామనవమికి మా ఊరి పందిట్లో మూడు రాత్రులు ఆయన చెప్పిన కథ, ఆరు గంటలది, నా వద్ద ఉంది. ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో, సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున తీసినది. మొత్తం సుమారు 46 గిగాబైట్లు. ఆయన ఇప్పుడు లేరు. ఆ గొంతుకు మరో ప్రతి లేదు. అందులోంచి గంటన్నర కథను కూర్చాలని సంకల్పించాను. ఎడిటింగు తెలిసిన ఆయన మనవడు, "అన్నీ ప్రోరెస్‌లోకి మార్చేసి పాతవి తీసెయ్యండి బాబాయ్, చోటు కలిసొస్తుంది" అన్నాడు.

కలిసిరాదని లెక్క వేస్తే తెలిసింది. సెకనుకు 25 బొమ్మల పూర్తి హెచ్‌డీకి ప్రోరెస్ 422 తీసుకునేది 122 మెగాబిట్లు. అంటే గంటకు 55 గిగాబైట్లు, ఆరు గంటలకు 330. ఏడింతలు! పోనీ, బొమ్మ ఏమైనా మెరుగుపడుతుందా అంటే అదీ లేదు. చెంబెడు నీళ్ళు గంగాళంలో పోస్తే గంగాళమెడు కావు కదా.

మరి ఈ పెరుగుదల దేనికి? మా తాతగారు కరణం. ఆయన లెక్కల్లో ఒక ఆసామి పేరు, తండ్రి పేరు, ఊరు ఒకసారి పూర్తిగా రాసి, ఆ తరువాతి వరుసలన్నింటిలోనూ "సదరు" అని ఊరుకునేవారు. (ఫైలుకు మనవాళ్ళు దస్త్రమని పేరు పెట్టినప్పుడు ఇది తలచుకున్నారో లేదో గాని, పోలిక బాగా కుదిరింది.) కెమెరా చేసేదీ అదే. అర సెకనుకో సెకనుకో ఒక బొమ్మను పూర్తిగా రాసి, మధ్యవాటిలో "సదరు బొమ్మే, చెయ్యి మాత్రం కదిలింది" అని రాస్తుంది. కొన్ని వరుసలైతే పైనున్నదానినే కాక, కింద రాబోయేదానినీ చూడమంటాయి. కాగితం ఎంతో ఆదా. వరుసగా చదివేవాడికి చిక్కే లేదు. ఎడిటింగులో మనం వరుసగా చదవము. ఎక్కడో నడుమ వేలు పెడతాము. ఆ సదరు ఎవరో తేల్చుకోవడానికి యంత్రం వెనక్కి పరుగెత్తి, పూర్తి బొమ్మను పట్టుకుని, అక్కడినుంచి మళ్ళీ కూడుకుంటూ రావాలి. తెర తడబడేది అందుకే. ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌డీ వంటివి ప్రతి వరుసలోనూ పూర్తి పేరు రాస్తాయి. మనం చెల్లించే చోటు ఆ సౌకర్యానికే గాని అందానికి కాదు. రంగులు విస్తారంగా దిద్దేవారికి, పలు చేతులు మారే చిత్రాలకు అది అవసరమే. కథను కత్తిరించి కూర్చుకునే నాబోటివాడికి అనవసరం.

నేను చేసినది ఇది. ఆ కార్డు ఫ్యాట్32 పద్ధతిది. అందులో ఒక దస్త్రం 4 గిగాబైట్లు దాటకూడదు. కాబట్టి ఏకధాటిగా తీసినదానిని కూడా కెమెరా ముక్కలు చేసింది. ముక్కలను విడివిడిగా మారిస్తే అతుకు దగ్గర రవ్వంత ధ్వని పోయే ప్రమాదముంది. రెండో రాత్రి అటువంటి అతుకు సరిగ్గా ఆయన ఆలాపన నడుమ పడింది! అందుచేత ముందు ముక్కలను బైటు వెంట బైటుగా కలిపి, ఆ తరువాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో పెట్టె మాత్రం మార్చాను. లోపలి బొమ్మను, ధ్వనిని ఉన్నవి ఉన్నట్టే నకలు చేయమంటే అది మళ్ళీ కుదించదు. 46 గిగాబైట్లు ఇంచుమించు 46గానే ఉన్నాయి, నాణ్యతలో వీసమెత్తు తరుగు లేదు. అతుకు దగ్గర చెవి ఒగ్గి విన్నాను. రాగం తెగలేదు.

తడబాటు మాత్రం దీనితో పోదు, లోపలి రాత మారలేదు కనుక. అందుకు ప్రాక్సీలు. కెడెన్‌లైవ్ వంటి ఉచిత ఎడిటర్లే వీటిని తయారుచేసి ఇస్తాయి. పొడవు వెడల్పులు సగానికి తగ్గించి ప్రోరెస్ ప్రాక్సీగా మార్చుకుంటే, పూర్తి హెచ్‌డీ ప్రాక్సీ గంటకు తీసుకునే 17 గిగాబైట్లలో నాలుగో వంతుతో సరిపోతుంది. బొమ్మ కొంత మసక. అయినా ఎక్కడ కోయాలో తెలుసుకోవడానికి ఆయన పెదవి కదలిక కనబడితే చాలు. కోతలన్నీ వాటిపైనే జరుగుతాయి. చివరి ప్రతి తీసేటప్పుడు ఎడిటరు వాటిని పక్కన పెట్టి అసలు దస్త్రాలనుంచే తీసుకుంటుంది. అప్పుడు హెచ్.264లో, సీఆర్ఎఫ్ 18 వద్ద, ఒకే ఒక్కసారి కుదించాను. మామూలుగా 23 ఉంటుంది. అంకె తగ్గినకొద్దీ బొమ్మ బాగుంటుంది, దస్త్రం పెరుగుతుంది.

పని ముగిశాక ప్రాక్సీలను నిశ్చింతగా తుడిచేయవచ్చు. తుడిచేశాను కూడా. అసలు దస్త్రాలు రెండు డిస్కులలో ఉన్నాయి. ఒకటి నా దగ్గర, రెండవది ఆ మనవడి దగ్గరే ఉంచాను. మొదటి రాత్రి చిడతల మోత గొంతును కమ్మేసిన చోట్లు కొన్ని ఉన్నాయి. వాటి పని ఇంకా మొదలుపెట్టలేదు.