గడ్డిమోపుల దారిలో

మనాలి నుండి సోలాంగ్ లోయకు 13 కిలోమీటర్లు. ఆ రోజు ఆ కాస్త దూరానికి మాకు రెండున్నర గంటలు పట్టింది. ముందు వాహనాలు, వెనుక వాహనాలు, పక్కన మొక్కజొన్న కంకులు కాల్చేవారి పొగ, ఎడతెగని హారన్లు. పిల్లలిద్దరూ కిటికీలోంచి మంచుకోసం వెదుకుతున్నారు. అక్టోబరులో సోలాంగ్‌లో మంచు ఉండదని బయలుదేరక ముందే ఎవరినైనా అడిగి ఉంటే తెలిసేది. మేము అడగలేదు.

ముందు సీటులో కూర్చున్న అబ్బాజాన్ అద్దం పైకెత్తి, కళ్లు మూసుకొని, చాలాసేపటికి ఒకే మాట అన్నారు: "నన్ను గదిలో దింపేసి, మీరు వెళ్లి రండి నాయనా."

అమ్మీ మమ్మల్ని విడిచి వెళ్లి అప్పటికి ఎనిమిది నెలలు. గుంటూరు జిల్లాలో ముప్ఫై ఏళ్లకు పైగా సోషల్ పాఠాలు చెప్పిన మనిషి, తరగతి గదిలో ఒక పూటైనా మౌనంగా గడపని మనిషి, ఆ ఎనిమిది నెలలూ అడిగినదానికి తప్ప మాట్లాడలేదు. దసరా సెలవుల్లో ఆయనను కొండగాలికి తీసుకువెళితే మనసు కుదుటపడుతుందని మేమే బలవంతపెట్టి తీసుకువచ్చాము. తీరా చూస్తే, మా ఊరి బస్టాండు కూడలిని తెచ్చి దేవదారు చెట్ల మధ్య పెట్టినట్లుంది.

ఈ రద్దీకి కారణం లేకపోలేదు. మనాలి పైన ఉన్న రోహ్‌తాంగ్ కనుమ ఎత్తు 3,978 మీటర్లు. వాహనాల పొగకు అక్కడి మంచు నల్లబడుతున్నదని జాతీయ హరిత ట్రిబ్యునల్ రోజుకు 1,200 పర్యాటక వాహనాలకు మించి పోరాదని పరిమితి విధించింది. ఆ తర్వాత 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరచుకున్నది. కనుమ ఎక్కనవసరం లేకుండానే అవతలి లాహౌల్ లోయలో దిగవచ్చు. దాంతో జనం తగ్గలేదు, ముందుకు జరిగారు. ఒకప్పుడు శీతకాలమంతా బాహ్య ప్రపంచంతో సంబంధం తెగిపోయే సిస్సూ గ్రామం నేడు పర్యాటకుల మజిలీ అయింది. రోడ్డు ఎంత దూరం పోతే రద్దీ అంత దూరం పోతుందన్న సంగతి ఆ రాత్రి గదిలో కూర్చొని లెక్కలు వేసుకుంటుండగా మాకు తట్టింది. అప్పటిదాకా మేము "ఏమేమి చూడాలి?" అని అడుగుతూ వచ్చాము. మరునాటి ఉదయం కారు డ్రైవరును వేరే ప్రశ్న అడిగాము: "భయ్యా, రోడ్డు ఎక్కడ ఆగిపోతుంది?"

అతడు నవ్వి, తీర్థన్ లోయ పేరు చెప్పాడు.

మనాలి నుండి బియాస్ నది వెంట దిగువకు వచ్చి, ఔట్ వద్ద పెద్దరోడ్డును వదలి, లార్జీ మీదుగా తీర్థన్ నది ఒడ్డునే బంజార్ చేరాలి. బంజార్ దాటాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి జిభీ మీదుగా 3,000 మీటర్లకు పైన ఉన్న జలోరీ కనుమకు ఎక్కుతుంది. ఆ కనుమ నుండి సెరోల్‌సర్ సరస్సు వరకు సాగే 5 కిలోమీటర్ల అడవి దారి ఎంతో అందమైనదే గాని, శని ఆదివారాల్లో అక్కడా బారులు తీరుతున్నారని డ్రైవరు ముందే హెచ్చరించాడు. మేము రెండవ దారి పట్టి గుశైనీ వైపు వెళ్లాము. నది పక్కన ఒక గ్రామస్థుని ఇంట్లో రెండు గదులు దొరికాయి. ఆ ఇంటి గోడలు ఒక వరుస రాయి, ఒక వరుస దేవదారు దూలం చొప్పున కట్టినవి. కప్పుమీద ఆరబోసిన మొక్కజొన్న కంకులు దూరానికి పసుపు దుప్పటి పరచినట్లు కన్పించాయి. భోజనానికి రాజ్మా, అన్నం, ఇంటి నెయ్యి. మాంసం గురించి మొహమాటపడుతూ అడగబోతే, ఆ ఇల్లాలే ముందుగా, "మీకు చేప చేస్తాను, దానికి ఏ ఇబ్బందీ ఉండదు కదా" అన్నది. తీర్థన్ నది ట్రౌట్ చేపలకు పేరుపొందినది.

ఆ రాత్రి పెద్దవాడు ఫోనులో సర్వే ఆఫ్ ఇండియా వారి పటం తెరిచాడు. ఇంటి వెనుక నుండే తెగి తెగి సాగే సన్నని గీత ఒకటి కొండమీదికి పోతున్నది. కాలిబాట అన్నమాట. గైడు అక్కరలేదు, రుసుము అక్కరలేదు, జనం అసలే ఉండరు. అబ్బాజాన్ కళ్లద్దాలు సవరించుకొని ఫోను వైపు ఒక్కసారి చూసి, "గీతలు మరీ దగ్గరగా ఉన్నాయిరా" అన్నారు. ఆ మాటను మేమెవ్వరమూ పట్టించుకోలేదు.

మరునాడు ఆయనను ఇంటివద్ద ఉంచి, మధ్యాహ్న భోజనం తర్వాత మేము నలుగురము బయలుదేరాము. మొదటి గంట మాకు కావలసినదంతా దొరికింది. యాపిల్ తోటలు, ఆ పైన ఓక్ చెట్లు, కాళ్లకింద ఎండుటాకుల చప్పుడు, ఎక్కడో దిగువన నది హోరు. ఎదురుపడిన మనిషి లేడు. ఇంత నిశ్శబ్దాన్ని మేమే కనిపెట్టినట్లు గర్వపడ్డాము కూడా. తర్వాత బాట సన్నబడింది. మరి కాసేపటికి నిటారుగా ఉన్న ఒక గడ్డివాలు మధ్యలో, ఎటూ పోకుండా ఆగిపోయింది. కోసిన గడ్డి మొదళ్లు నున్నగా ఉండి బూటు నిలవడం లేదు. వెనక్కి తిరిగితే, ఎక్కేటప్పుడు ఒక్కటిగా కన్పించిన బాట దిగేటప్పుడు మూడుగా చీలి ఉంది. ఇటువంటి లోతైన లోయల్లో మరొక సంగతి గుర్తుంచుకోవాలి. గడియారం ఏమన్నా సరే, సూర్యుడు కొండ వెనక్కి పోతే పగలు ముగిసినట్లే. నాలుగున్నరకే నీడ కమ్మింది, చలి మొదలైంది. చిన్నమ్మాయి ఏడుపు లంకించుకున్నది.

పైనుండి ఒక గడ్డిమోపు నడచి వస్తున్నట్లు కన్పించింది. మోపు కింద ఉన్న మనిషి దగ్గరకు వచ్చేదాకా కనబడలేదు. నలభై ఏళ్ల స్త్రీ, నుదుటిమీదుగా తాడు, చేతిలో కొడవలి. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. "పిల్లలను కొండ వైపు నడిపించండి, లోయ వైపు కాదు" అని మాత్రం అని ముందు నడిచింది. మేము ఆమె మడమలు చూసుకుంటూ దిగాము. సగం దారిలో మోపును రాతిమీద ఆనించి ఊపిరి తీసుకుంటూ చెప్పింది: ఇది ఘాస్నీ, ఊరివాళ్ల గడ్డిభూమి. శీతకాలమంతా పశువులకు ఇదే మేత. ఈ నెలరోజుల్లో కోసి ఇంటికి చేర్చుకోవాలి. "ఇది మా గడ్డి దారి. ఊరికే నడవడానికి వేసింది కాదు."

ఆమె మాటలో కోపం లేదు. అయినా మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మేము ఖాళీ దారి అనుకున్నది, దానిమీద బ్రతికేవారు ఆ గంటలో కొండపైన పనిలో ఉండడంవల్ల ఖాళీగా ఉంది. అంతే తప్ప అది ఎవరికీ చెందని దారి కాదు. డబ్బు ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. మేము తొక్కి చెదరగొట్టిన కోతగడ్డి గురించి క్షమాపణ చెప్పుకున్నాము. ఆ ఊరి పేరు, ఆ బాట ఎక్కడ మొదలవుతుందన్నదీ ఇక్కడ రాయడం లేదు. పాఠకులు మన్నించాలి.

కింద, బాట ఊరిలో కలిసేచోట, అబ్బాజాన్ టార్చిలైటు పట్టుకొని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుండి నిలబడ్డారో చెప్పలేదు. మందలించనూ లేదు. చిన్నమ్మాయిని దగ్గరకు తీసుకొని, పెద్దవాడి వైపు చెయ్యి చాపి, "ఆ పటం ఇటివ్వు" అన్నారు.

ఆ రాత్రి ఇషా తర్వాత ఆయన మాకు పాఠం చెప్పారు. ఎనిమిది నెలల తర్వాత తొలి పాఠం. 1:50,000 స్కేలు పటంలో రెండు సెంటీమీటర్లు నేలమీద ఒక కిలోమీటరు. పక్కపక్కనున్న రెండు ఎత్తుగీతల మధ్య తేడా 20 మీటర్లు. గీతలు ఎడంగా ఉంటే నేల చదునుగా ఉంటుంది. ఒకదానిమీద ఒకటి పడ్డట్లుంటే అక్కడ మోకాళ్లకు పరీక్ష. కొండమీద నడకను దూరంతో కాదు, ఎన్ని గీతలు దాటుతామన్న దానితో లెక్కించాలి. "మీరు ఇవాళ దాటినవి ఎన్నో లెక్కపెట్టండి" అన్నారు. పెద్దవాడు వేలితో లెక్కిస్తూ ఇరవై దాటాక ఆపేశాడు. నాలుగు వందల మీటర్ల ఎత్తు. ఆయన తిరిగి నది వెంట వేలు జరుపుతూ, గీతలు ఎడంగా ఉన్న మరొక బాటను చూపారు. "ఇది నేనూ నడవగలను."

అది గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానవనంలోకి పోయే దారి. గుశైనీ నుండి నదిని ఆనుకొని రోల్లా అనే చోటికి చేరుతుంది. 1984లో ఏర్పాటై, 1999లో జాతీయ ఉద్యానవనంగా తుది ప్రకటన పొందిన ఈ అడవి విస్తీర్ణం 754 చదరపు కిలోమీటర్లు. 2014లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. లోపలికి మోటారు రోడ్డు లేదు. అటవీశాఖ అనుమతిపత్రం తీసుకొని కాలినడకనే వెళ్లాలి. మా ప్రశ్నకు ఇంతకంటే సూటియైన జవాబు ఉండదు.

అయితే ఈ నిశ్శబ్దానికీ ఒకరు మూల్యం చెల్లించారు. అంతకు ముందు తరతరాలుగా చుట్టుపక్కల గ్రామాలవారు పై మైదానాల్లో గొర్రెలు మేపుకునేవారు, మూలికలు, గుచ్ఛీ పుట్టగొడుగులు ఏరి అమ్ముకునేవారు. 1999 ప్రకటనతో ఆ హక్కులు ముగిశాయి. పరిహారమిచ్చారు. మన డ్వాక్రా సంఘాల వంటి మహిళా పొదుపు సంఘాలు ఏర్పడ్డాయి. కొందరు యువకులు గైడులుగా, సామాను మోసేవారిగా మారారు. ఏరుకొని బ్రతికిన అడవిలోకి నేడు ఇతరులను వెంటబెట్టుకొని వెళ్లడం వారి జీవనోపాధి. అందువల్ల స్థానిక గైడును పెట్టుకోవడం అనవసర ఖర్చని మేమిక అనుకోలేదు. మాతో వచ్చిన యువకుని తాత ఆ అడవిలోనే మంద కాచేవాడట. అతడు అబ్బాజాన్‌ను "మాస్టర్‌జీ" అని పిలిచాడు. ఎవరు చెప్పారో మాకు తెలియదు.

ఫజ్ర్ ముగించుకొని, రొట్టెలు కట్టుకొని, వెలుగు రాగానే బయలుదేరాము. అబ్బాజాన్ రెండు షరతులు పెట్టారు. అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ముందుండాలి, అంటే తాను. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎక్కడ ఉంటే అక్కడే వెనక్కి తిరగాలి, గమ్యం కనబడుతున్నా సరే. రోల్లా చూడాలని పిల్లలకు ఉబలాటం. గునిశారు గాని, నిన్నటి సాయంత్రం ఇంకా గుర్తుంది.

దారి పొడవునా నది ఎడబాయదు. ఒకచోట బండల మధ్య నురగలు కక్కుతుంది, మలుపు తిరగ్గానే ఆకుపచ్చని మడుగై నిలుస్తుంది. ఉద్యానవనం ద్వారం రాకముందు ఊళ్లే. పొలాలు, పెరళ్లు, మళ్లీ గడ్డిమోపులు. ఈసారి మోపు కనబడగానే మా పిల్లలు తామే కొండ వైపు ఒదిగి దారి ఇచ్చారు. ఒకచోట కంచరగాడిదలు ఎదురైనప్పుడు గైడు అందరినీ కొండకు ఆనుకోమన్నాడు. లోయ వైపు నిలబడినవారిని ఆ జంతువుల వీపుమీది బస్తా తోసివేయగలదని చెప్పాడు. అక్రోటు చెట్ల కింద కాయలు రాలి ఉన్నాయి. చిన్నమ్మాయి పచ్చితొక్క ఒలిచి, నల్లబడిన వేళ్లను చూసుకొని బెంబేలెత్తింది.

అబ్బాజాన్ ఆగి ఆ వేళ్లను చూశారు. "మీ దాదీ ఉంటే ఈపాటికి కొంగు నిండా ఏరుకొని ఉండేది. దారిలో పడినదేదీ వదిలేది కాదు. చింతకాయ గాని, పిడక గాని" అన్నారు. ఆ తర్వాత నడుస్తూనే చెప్పుకుపోయారు. పెళ్లయిన కొత్తలో బడి ఉన్న ఊరికి బస్సు లేక ఇద్దరూ కాలువగట్టు మీద నడిచివెళ్లడం, ఆమె చెప్పులు చేతిలో పట్టుకోవడం, మాకు తెలియనివి ఎన్నో. మేము వెనుక నడుస్తున్నందున ఆయన ముఖం కన్పించలేదు. బహుశా అందుకే చెప్పగలిగారేమో.

ద్వారం దాటాక మనుషుల జాడ లేదు. ఆ అడవికి పేరు తెచ్చిన పక్షి జుజురాణా, హిమాచల్ రాష్ట్రపక్షి. అది మాకు కనబడలేదు. గైడు కూడా ఏళ్ల తరబడి తిరిగి కొద్దిసార్లే చూశాడట. నది ఒడ్డున నీలిరంగు పిట్ట ఒకటి మనిషి ఈల వేసినట్లు కూస్తూ మాతోపాటు కొంతదూరం వచ్చింది.

పన్నెండున్నరకు ఒక పెద్ద చదునుబండ దగ్గర ఉన్నాము. రోల్లా ఇంకా ముందే ఉంది. "ఇక చాలు" అన్నారు అబ్బాజాన్. గుంటూరులో పడమటికి కాస్త వాయవ్యంగా తిరిగి నిలబడే మేము, ఇంత ఉత్తరానికి వచ్చాక పడమటికి కాస్త నైరుతిగా నిలబడాలని ఆయనే పిల్లలకు వివరించారు. అక్టోబరు రెండవ వారంలో సూర్యుడు అస్తమించేదీ దాదాపు ఆ దిక్కుననేనట. నది నీటితో వుజూ చేస్తే చేతులు మొద్దుబారాయి. బండమీద జుహ్ర్ చదివి, రొట్టెలు తిని, తిన్న కాగితాలన్నీ సంచిలో వేసుకొని వెనక్కి తిరిగాము.

తిరుగు ప్రయాణంలో డ్రైవరు దూరాన ఉన్న కుల్లూ వైపు చెయ్యి చూపి, దసరా మేళా మొదలు కాబోతున్నదనీ, ఇక వారం రోజులు అటు కారు కదలదనీ చెప్పాడు. అబ్బాజాన్ వినిపించుకోలేదు. వెనుక సీటుకు మారి, మనుమడి ఫోనులో జలోరీ కనుమ చుట్టూ ఉన్న ఎత్తుగీతలను లెక్కపెట్టిస్తున్నారు. చిన్నమ్మాయి వేళ్లమీది అక్రోటు మరక గుంటూరు చేరి బడి తెరిచినా పోలేదు.