తడలో కడపటి నడక

చెన్నపట్టణము నుండి సూళ్లూరుపేటకు పోవు రైలెక్కి, ఆరంబాకము దాటినంతనే మరల తెలుగు అక్షరములు కనబడును. ఆ తొలి ఊరే తడ. పూర్వము నెల్లూరు జిల్లాలోనిదైన ఈ ఊరు 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. ఇక్కడివారి మాటలో తెలుగును అరవమును పాలును నీరును వలె కలిసియుండును. ఊరిని ఒరసికొని పోవు జాతీయ రహదారిపై రేయింబవళ్లు లారీల రొదయే. కాని తూర్పుగా కొంత నడచితిమా, పులికాట్ సరస్సు నిశ్శబ్దముగ పరచుకొనియుండును. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత ఇదియే పెద్దది. చలికాలమున లోతులేని నీట, రాజహంసలని జనులు పిలుచు ఫ్లెమింగో పక్షులు వంకర ముక్కులను తలక్రిందుగ ముంచి, తొందర యన్నది లేక నడచుచు మేయుచుండును.

గడచిన పుష్యమాసమున మేము తడలోని మా వదినగారి ఇంటికి పోయితిమి. ఆమెకు ఏబదియారేండ్లు. మధుమేహమునకు ప్రతిదినము నడువవలెనని వైద్యుడు చెప్పగా, మూడు మాసములుగ తెల్లవారకముందే లేచి సరస్సు వైపు నడచి వచ్చుచున్నారు. అప్పుడే ఊరి యువకులు కొందరు ఐదు కిలోమీటర్ల పరుగొకటి ఏర్పాటు చేసిరి. పిన్నలు పెద్దలు ఎవరైనను రావచ్చునని కరపత్రము. గడువు మాట అందులో లేదు. వదినగారు తామును పేరిచ్చి, మా పేరును ఇచ్చిరి.

ఆ ఉదయమున చీర కుచ్చెళ్లు ఎగదోపి, కాళ్లకు బూట్లు తొడిగి, పైట మీద అంకె కాగితము గుచ్చుకొని ఆమె బయలుదేరిన ఉత్సాహము చూడవలసినదే. ఈల వినబడగానే కుర్రవారు బాణములవలె పోయిరి. మేమిద్దరము వెనుక మిగిలితిమి. మరలి వచ్చుచుండగా మంచినీళ్ల బల్ల ఎత్తివేయుచుండిరి. మోటారు సైకిలుపై నొక యువకుడు వచ్చి, “అమ్మా, అందరూ వచ్చేశారు. ఆటో తెప్పిస్తాను, ఎక్కండి” అనెను. మర్యాదగనే పలికెను. కాని ఆ అందరిలో మేము లేకపోతిమి.

వదినగారు ఆటో ఎక్కలేదు. మేము చేరునప్పటికి గుడ్డ ద్వారము విప్పి మడతపెట్టుచుండిరి. పతకముల పెట్టె వ్యానులోనికి ఎక్కినది. ఇల్లు చేరి ఆమె మాటాడక వంటింటిలోనికి పోయిరి. మరునాడు నడకకు లేవలేదు. ఆ మరునాడును లేవలేదు. మూడు మాసముల సాధన ఒక్క ప్రొద్దున పోయెను.

బాల్యమున మా తండ్రిగారు భారతము చెప్పునపుడు మహాప్రస్థానికపర్వమున మాకొక బాధ కలిగెడిది. నడచుచు నడచుచు ద్రౌపది అందరికంటె ముందు కూలినది. ధర్మరాజు మరలి చూడక సాగిపోయెను. అట్టివాడే తుదకు, తమ వెనుక నడచివచ్చిన కుక్కను విడిచి ఇంద్రుని రథమెక్కనని నిలిచెను. స్వర్గద్వారమున ఆయనకు జరిగిన పరీక్ష వడిని గూర్చినది కాదు; వెంటవచ్చిన ప్రాణిని విడుచుటను గూర్చినది.

మన సింహాచలమున ఆషాఢ పౌర్ణమికి జరుగు గిరి ప్రదక్షిణము సుమారు 32 కిలోమీటర్లు. పసివారు, ముదుసళ్లు, నడుము నొప్పివారు అందరును నడతురు. ఎవరు ముందు చేరిరని అడుగువారు లేరు. పశ్చిమదేశమునను ఈ ఆలోచన కలదు. 2004 అక్టోబరు 2న లండనులోని బుషీ పార్కులో 13 మంది పరుగువారితో మొదలైన పార్క్‌రన్‌ అను శనివారపు ఐదు కిలోమీటర్ల పరుగులో, అందరి వెనుక నడచుటకే ఒక స్వచ్ఛంద సేవకుడుండును. కడపట చేరువాడు అతడే గనుక, వచ్చినవారిలో ఎవరికిని ఆ చిన్నతనము లేదు. 2019 లండను మారథానులో వెనుకబడినవారిని పనివారు ఎగతాళి చేసిరని ఫిర్యాదు రాగా, నిర్వాహకులు క్షమాపణ చెప్పి, తరువాతి కాలమున ఎనిమిది గంటల నడకతో వెనుక వచ్చు తోడువారిని ఏర్పరచిరి. ఆ లండనులోనే 2000లో ఫౌజాసింగుగారు 89వ యేట తొలి మారథాను ఆరు గంటల 54 నిముషములకు ముగించిరి. ద్వారము ముందే విప్పివేసియున్నచో ఆయన గమ్యము చేరుట ఎవరు చూతురు?

ఇట్లని గడువే కూడదనము. నిర్వాహకులలో నొకడు వదినగారి పొరుగింటి పిల్లవాడే. వానితో ఈ మాట చెప్పగా తల వంచుకొని, “ఏడింటికల్లా రోడ్డు వదలమన్నారమ్మా” అనెను. నిజమే, రహదారి అందరిదియు. అట్లయిన ఆ గడువును కరపత్రముననే అచ్చువేయుడు. నెమ్మదిగ నడచువారిని అరగంట ముందుగ పంపుడు. ఒక నీళ్ల బల్లను, ఒక మనిషిని కడవరకు నిలుపుడు. దీనికి ఖర్చేమున్నది? కొంచెము ఓర్పు. అని మేము చెప్పితిమి.

మరునాడు చీకటితోనే వాకిట పిలుపు వినబడెను. “పెద్దమ్మా, లేచారా? రండి, ఇవాళ నేను మీ వెనకాల నడుస్తాను.” వదినగారు కొంతసేపు పలుకలేదు. పిమ్మట బూట్లు వెదకికొనిరి. మువ్వురము సరస్సు గట్టు చేరునప్పటికి సూర్యోదయమైనది. పక్షుల గులాబివన్నె నీటిపై పడియుండెను. పిల్లవాడు మాట నిలుపుకొని దారి పొడుగున మా వెనుకనే నడచెను. మేము తడ విడుచునాటికి వదినగారి నడక తప్పలేదు.

సోదరీమణులారా, మీ ఊర ఇట్టి పరుగు జరిగినచో తప్పక పొండు. పేరిచ్చుటకు ముందు ఒక్క ప్రశ్న మాత్రము అడుగుడు: కడపటి మనిషి చేరువరకు ఎవరు నిలిచియుందురు?