వెచ్చని గదికి తెరచిన కిటికీ

సూరత్ రింగ్ రోడ్డులో చలికాలం పేరుకు మాత్రమే వస్తుంది. వస్త్ర విపణుల మెట్ల మీద చీరల మూటలు మోసే కూలీలు డిసెంబరులో సైతం చెమట తుడుచుకుంటూనే ఉంటారు. అక్కడ చిన్న దుకాణం నడుపుకునే సిరిసిల్ల ప్రాంతపు పద్మశాలి ఒకాయనకు, చలి అంటే ఏమిటో తెలిసింది సాపుతారాలో.

డాంగ్ జిల్లాలో, సహ్యాద్రి కొండల మీద, సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరది. ఆదివారాల విశ్రాంతి కోసం ఆయన అక్కడ రెండు గదుల పెంకుటిల్లు కట్టుకున్నాడు. వెంట ఎనభయ్యేళ్ళ తండ్రిని తీసుకుపోయేవాడు. మరమగ్గాల పనికని ఒకనాడు ఆ కుటుంబాన్ని సూరత్‌కు తెచ్చినవాడు ఆ తండ్రే. కొండగాలికి వృద్ధుని కీళ్ళు బిగుసుకుపోయేవి. తెల్లవార్లూ నిద్ర ఉండేది కాదు.

అద్దకపు మిల్లుల బాయిలర్లలో వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు అదిమి చేసిన దిమ్మెలను మండించడం కుమారుడు చూచి ఉన్నాడు. గుజరాతులో వాటిని తెల్లబొగ్గు అంటారు. ఆ జాతిదే పెల్లెట్ అనే గుళిక. దాని అడ్డుకొలత సాధారణంగా 6 లేక 8 మిల్లీమీటర్లు. పొట్టును గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికి కర్రలోని లిగ్నిన్ మెత్తబడి, తానే బంకగా మారి గుళికను నిలబెడుతుంది. పచ్చికట్టెలో సగం బరువు నీరే కావచ్చు. మంచి గుళికలో తేమ నూటికి పది పాళ్ళకు మించదు. అందుచేత పొగ తక్కువ, వేడి ఎక్కువ. చిన్న గదికి గంటకు అరకిలో చాలు.

1973 నాటి చమురు సంక్షోభం తరువాతి సంవత్సరాలలో అమెరికాలో రూపుదిద్దుకున్న ఈ పొయ్యిని ఆయన ఎంతో ప్రయాసపడి తెప్పించాడు. పైన గుళికల తొట్టి, లోపల వాటిని కొద్దికొద్దిగా నిప్పులోకి నెట్టే మరచుట్టు, గాలి విసిరే పంకా, పొగను గోడవతలికి పంపే గొట్టం.

తండ్రి దానిని చాలాసేపు పరికించి నవ్వాడు. “ఇది మీ అమ్మ పొట్టు పొయ్యే గద, బిడ్డా!”

నిజమే. ఆ ఇల్లాలు రేకు డబ్బాలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టించి, సీసాను మెల్లగా పైకి లాగేది. మధ్యన మిగిలిన బెజ్జమే ఆ పొయ్యికి ఊపిరి. ఒక్క డబ్బా పొట్టు గంటల తరబడి మండేది. దట్టించడం, గాలికి దారి విడవడం అనే రెండు మెళకువలే కొత్త యంత్రంలోనూ ఉన్నవి.

జనవరిలో ఒక రాత్రి కరెంటు పోయింది. పంకా ఆగింది, మరచుట్టు ఆగింది. గిన్నెలో మిగిలిన గుళికలు కమురుకొని గదిలోకి పొగ తిరిగింది. పొగ పోయేదాకా తలుపులు తీసి ఉంచేసరికి గది మంచుగడ్డ అయింది. వణుకుతున్న తాతను చూడలేక మనుమడు వాకిట్లో కుంపటి రాజేసి, ఎర్రని బొగ్గులతో లోపలికి తెచ్చి తలుపు గడియ పెట్టబోయాడు.

వృద్ధుడు చేయి అడ్డం పెట్టాడు. కుంపటిని బయట పెట్టించి, పాత మాట ఒకటి చెప్పాడు. సూరత్‌కు వచ్చిన తొలి సంవత్సరాలలో ఒక చలిరాత్రి, మగ్గాల షెడ్డు పక్కగదిలో ముగ్గురు పనివారు బొగ్గులు రాజేసుకొని తలుపు మూసి పడుకున్నారు. తెల్లవారి ఇద్దరే లేచారు.

బొగ్గుల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవానికి హెచ్చరిక అందదు.

“బాపూ, మరి ఈ చలికెట్ల?” అన్నాడు కుమారుడు.

“చలి పెడితె వణుకుతం, బిడ్డా. వణికెటోడు బతికే ఉంటడు.”

ఆ రాత్రి ముగ్గురూ ఒకే మంచం మీద, దుకాణం నుండి తెచ్చిన దుప్పట్లన్నీ కప్పుకొని తెల్లవార్చారు. మరుసటి వారం కుమారుడు పంకాకు బ్యాటరీ అమర్చాడు, పొగగొట్టం అతుకులు బిగించాడు. పొయ్యి ఇప్పుడు చక్కగా మండుతున్నది. అయినా పడుకోబోయే ముందు ఆయన కిటికీ రెక్కను బెత్తెడు తెరచి వస్తాడు. మనుమడు లేచి, అది తెరచి ఉన్నదో లేదో మరొకసారి చూచి పడుకుంటాడు.